చిరునామాల కౌలు: జంట సర్వర్ల తగవు తీర్చుట

కళాశాలలోని ప్రతి కంప్యూటరుకును, ప్రతి చేతిఫోనుకును నెట్‌వర్కులో సంఖ్యారూపమైన చిరునామా ఒకటి ఉండవలెను. అది లేని యంత్రము ఉత్తరము వ్రాయగలదు గాని జవాబు అందుకొనజాలదు. ఈ చిరునామాలను పంచిపెట్టు సర్వరు ఒకటి చాలదని, రెండు ఉండవలెనని నేడు చాల కళాశాలలు తలంచుచున్నవి. ఆ తలంపు మంచిదే. కాని రెండు సర్వర్లు కొన్నంతమాత్రమున భద్రత చేకూరదు; ఒక్కొక్కప్పుడు ఒకటి ఉన్న నాటికంటె రెండు ఉన్న నాడే చిక్కులు హెచ్చును. ఆ చిక్కులెట్టివో, వానిని ఏ వరుసలో విప్పవలెనో తెలుపుటకే ఈ వ్యాసము.

మేము తెలుగు పాఠము చెప్పువారము. నెట్‌వర్కుల సంగతి మాకేల యని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఉపకార వేతనముల దరఖాస్తులు ఈపాస్‌లోనికి చేరినవి. డిగ్రీ ప్రవేశములు 2016 నుండి దోస్త్ ద్వారా జరుగుచున్నవి. ఎంసెట్ 2018లో కంప్యూటరు తెరమీదికి వచ్చినది. గడువు ముగియు నాడు చిరునామా దొరకని యంత్రము ముందు కూర్చుండిన విద్యార్థికి జవాబు చెప్పవలసి వచ్చినపుడు తెలుగు అధ్యాపకుడని, గణితాధ్యాపకుడని భేదముండదు.

మొదట కొంచెము చరిత్ర. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు బూట్‌పి అను పద్ధతిని ప్రకటించిరి. అందు ఏ యంత్రమునకు ఏ చిరునామాయో ముందుగనే పట్టికలో వ్రాసి యుంచవలెను. పది యంత్రములున్న చోట అది సాగును. రోజుకు వందల మంది ఫోనులతో వచ్చిపోవు చోట సాగదు. 1993 అక్టోబరులో డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్, పొట్టిగా డి.హెచ్.సి.పి., వెలువడినది. నేటికిని ఆధారముగా నున్న దాని రూపము 1997 మార్చి నాటిది. దానిని వ్రాసిన రాల్ఫ్ డ్రోమ్స్ అప్పట్లో అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయపు అధ్యాపకుడుగా నుండెను. ప్రపంచమంతట వాడుకలోనున్న ఈ పద్ధతి ఒక పాఠము చెప్పువాని కలమునుండి వచ్చినదని చెప్పుకొనుట మాకు కొంత సంతోషము.

కొత్త పద్ధతిలోని విశేషము గడువు. చిరునామా శాశ్వతముగా ఇయ్యబడదు. ఇన్ని గంటలు, ఇన్ని దినములు అని ఇయ్యబడును. ఇంగ్లీషున దీనిని లీజు అందురు. మనకు అంతకంటె చక్కని మాట కలదు: కౌలు. ఈ మాట అరబీలోని ‘ఖౌల్’ నుండి వచ్చినది. ఇచ్చిన మాట, వాగ్దానము అని దాని అర్థము. ఉర్దూ విభాగపు మిత్రులు ‘ఖౌల్-ఓ-ఖరార్’ అన్నప్పుడు వినబడునదియు అదే పదము. పొలము కౌలుకిచ్చుట యనగా ఫలానా కాలమువరకు ఇది నీది అని మాట ఇచ్చుట. చిరునామాలనిచ్చు సర్వరు చేయు పనియు అంతే. ఈ యర్థమును మనసున నుంచుకొన్నచో ముందు రాబోవు చిక్కులు సగము వాటంతట అవియే విడిపోవును.

కౌలు నాలుగు ఉత్తరములతో కుదురును. కొత్తగా మేల్కొనిన యంత్రము «ఎవరైనను నాకు చిరునామా ఇత్తురా?» అని అందరికిని వినబడునట్లు కేక వేయును. సర్వరు «ఇది తీసికొనుము» అని చూపును. యంత్రము «అదే ఇప్పించుడు» అని కోరును. సర్వరు «ఇచ్చితిని, ఇంత గడువు» అని ఖాయపరచును. ఇంగ్లీషున వీనిని డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అందురు. తగవు తీర్చువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ నాలుగింటిలో ఏ ఉత్తరమువద్ద సంభాషణ నిలిచినదను సంగతియే.

ఇక్కడ రౌటరు అడ్డు వచ్చును. పెద్ద కళాశాలలో ప్రతి అంతస్తును, ప్రతి భవనమును వేరు వేరు చిన్న నెట్‌వర్కులుగా విభజించి నడుమ రౌటర్లు పెట్టుదురు. రౌటరు కేకలను గోడ దాటనియ్యదు. అది దాని ధర్మము. కావున ప్రతి నెట్‌వర్కు గుమ్మమున రిలే అను నొక సహాయకుని నిలుపుదురు. నిజాము కాలపు హర్కారావలె అతడు ఆ కేకను అర్జీగా వ్రాసికొని, «ఈ అర్జీ ఫలానా వీధినుండి వచ్చినది» అని పైన గుర్తుపెట్టి సర్వరుకు చేర్చును. సర్వరు ఆ గుర్తును చూచియే ఏ వీధి చిరునామా ఇయ్యవలెనో నిశ్చయించి, జవాబును హర్కారాకే పంపును. హర్కారాకు ఏ సర్వరు ఇల్లు చూపితిమో ఆ యింటికే అతడు పోవును. రెండు ఇండ్లు చూపినచో రెండింటికిని పోవును. ఒకటే చూపినచో రెండవది ఉన్నదని అతడెరుగడు. ఈ వాక్యమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు సర్వర్లు రెండైనవి. పూర్వము ఊరికొక పట్వారీ యుండెడివాడు. ఆ వ్యవస్థ 1984లో రద్దయినది గాని ఆ పేరు మన ఇండ్లలో ఇంకను వినబడుచునే యున్నది. ఒకే సర్వే నంబరుపై ఇద్దరు పట్వారీలు ఒకరికి తెలియక ఒకరు కౌలు వ్రాసి యిచ్చినచో ఏమగునో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారికి వివరింప నక్కరలేదు. ఔటర్ రింగు రోడ్డు వచ్చి భూముల ధరలు పెరిగిన పిదప ఇచ్చట రెండు రిజిస్ట్రేషన్ల మాట విననివారు అరుదు. నెట్‌వర్కులోను అంతే. ఒకే చిరునామా రెండు యంత్రములకు పోయినచో రెండును నిలకడగా పనిచేయజాలవు.

దీనికి పాత విరుగుడు భూమిని పంచుట. ఒక గది కొరకు 200 చిరునామాలున్నవనుకొందము. 160 మొదటి సర్వరుకు, 40 రెండవదానికి ఇత్తురు. ఎవరి భాగము వారిది గనుక వారు మాటలాడుకొన పనిలేదు. సులభమైన పద్ధతి, చిన్న కళాశాలకు చాలవరకు సరిపోవును. కాని మొదటి సర్వరు పడిపోయిన నాడు అరువది కొత్త యంత్రములు ఒకేసారి తెరచినచో నలుబదింటికి మాత్రమే దొరకును. తక్కిన ఇరువదిలో విండోస్ యంత్రములు 169.254తో మొదలగు చిరునామాను తమకు తామే వేసికొనును. అది పోరంబోకులో గుడిసె వేసికొనుట వంటిది. అందుండి బయటి ప్రపంచమునకు దారిలేదు. తెరమీద 169.254 కనబడినచో «సర్వరునుండి నాకు జవాబు రాలేదు» అని యంత్రము చెప్పుచున్నదని గ్రహింపవలెను.

రెండవ విరుగుడు జంటగా నుంచుట. దీనిని ఫెయిలోవర్ అందురు. ఇద్దరు పట్వారీలును ఒకే దస్తరమును ఉంచుకొని, వ్రాసిన ప్రతి కౌలును ఒకరికొకరు తెలుపుకొందురు. ఇంటర్నెట్ ప్రమాణములు నిర్ణయించు సంఘములో దీనికి ముసాయిదా సిద్ధమైనను, ఇప్పటి సాధారణ చిరునామాల విషయమున అది ముసాయిదాగానే మిగిలిపోయినది. కొత్త తరము పొడుగు చిరునామాలకు మాత్రము 2017లో ప్రమాణము వెలువడినది. అయినను ఐ.ఎస్.సి. వారి సర్వరు ఆ ముసాయిదానే అనుసరించెను. విండోస్‌లో ఈ సదుపాయము 2012 నాటి సర్వరుతో వచ్చినది. ఐ.ఎస్.సి. వారు తమ పాత సర్వరు పోషణను 2022తో ముగించి, కియా అను కొత్తదానికి మారుడని చెప్పిరి. పాతది ఇంకను నడుపుచున్న కళాశాలలు ఈ సంగతి గమనింపవలెను.

ఈ జంటపద్ధతిలోని మెలకువ మాకు మిక్కిలి నచ్చినది. ఒక పట్వారీ కౌలు వ్రాసి, రెండవవానికి తెలుపకముందే మరణించెననుకొందము. రెండవవాడు ఆ పొలము ఖాళీయని తలచి మరియొకరికిచ్చును. దీనిని వారించుటకు ఒక నియమము పెట్టిరి: జంటవానికి తెలియకుండ ఎవడును ఒక హద్దు మించిన గడువుకు మాట ఇయ్యరాదు. ఆ హద్దు విండోస్‌లో మామూలుగా ఒక గంట. కావున కొత్త యంత్రమునకు మొదట ఒక గంటకే కౌలు దొరకును; ఈలోపల జంటవానికి కబురు పోవును; పొడిగింపు వేళకు పూర్తి గడువు లభించును. ఈ నియమము తెలియనివారు «ఎనిమిది గంటలు పెట్టితిమి, ఒక గంటయే వచ్చినది, సర్వరు చెడినది» అని కంగారుపడి అమరికలు మార్చుదురు. అక్కడ చెడినదేమియు లేదు.

ఇక అసలు కథకు వత్తము. మేడ్చల్‌లో ఒక భవనము, శామీర్‌పేటలో మరియొక భవనము గల కళాశాల యొకటి మేమెరుగుదుము, పేరు అనవసరము. ఒక్కొక్క భవనమున ఒక్కొక్క సర్వరు, రెండును జంటగా పనిపంచుకొనుచుండెను. శామీర్‌పేట భవనముపై కొత్త అంతస్తు కట్టి, నలుబది యంత్రములతో ప్రయోగశాల తెరచిరి. ఉపకార వేతనపు దరఖాస్తులకు చివరి వారము. అలియాబాద్, మజీద్‌పూర్, తుర్కపల్లి వైపునుండి బస్సులలో వచ్చిన పిల్లలు కాగితములు పట్టుకొని వరుసలో నిలిచిరి. ఇంటర్నెట్ కేంద్రమునకు పోయి డబ్బులిచ్చి నింపించుకొనలేని వారే వారిలో ఎక్కువ. యంత్రములు తెరచునప్పటికి సుమారు సగము వెంటనే పనిచేసినవి. తక్కినవానిలో కొన్ని చాలసేపటికి లేచినవి, కొన్ని 169.254 చూపి కూర్చున్నవి. మరునాడును అంతే; విచిత్రమేమనగా, మొదటినాడు మొరాయించిన యంత్రములే రెండవనాడును మొరాయించినవి.

సర్వర్లు రెండును బ్రతికియే యున్నవి. ఒకదానితో ఒకటి మాటలాడుచునే యున్నవి. చిరునామాలు కావలసినన్ని ఖాళీగా నున్నవి. అందుచేత నేరము యంత్రములపై మోపబడినది. రెండింటిని తుడిచి విండోస్ మరల ఎక్కించిరి; ఫలితము లేదు. తీగలు మార్చిరి, అదియు లేదు. వరుసలోని పిల్లలు మాత్రము కదలలేదు.

చిక్కు విప్పిన సాంకేతికుడు పాడైన యంత్రములను చూడలేదు. పనిచేయుచున్న వానివద్దకు పోయి, «నీకు కౌలిచ్చినది ఎవరు?» అని యడిగెను. నల్లని కిటికీ తెరచి ఐపికాన్ఫిగ్ ఆల్ అను ఆజ్ఞ నిచ్చినచో యంత్రము తన చిరునామాను, దానినిచ్చిన సర్వరును, గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియునో అన్నింటిని చెప్పును. కింది అంతస్తులలో కొన్నిటికి మేడ్చల్ సర్వరు, కొన్నిటికి శామీర్‌పేట సర్వరు ఇచ్చినట్లున్నది. కొత్త అంతస్తులో పనిచేయు ప్రతి యంత్రమునకును ఇచ్చినది మేడ్చల్ సర్వరే. తన కాళ్లకిందనే ఉన్న శామీర్‌పేట సర్వరు ఒక్కదానికిని ఇయ్యలేదు. కొత్త అంతస్తు హర్కారాకు మేడ్చల్ ఇల్లు ఒక్కటే చూపబడినదని తేలుటకు ఆ తరువాత ఎంతోసేపు పట్టలేదు. రౌటరులో ఒక పంక్తి చేర్చిరి. ప్రయోగశాల మొత్తము లేచినది.

అయినచో సగము యంత్రములు ఏల పనిచేసినవి? అవియే ఎల్లప్పుడు ఏల? జంటసర్వర్లు పని పంచుకొను తీరులో దీనికి సమాధానమున్నది. ప్రతి యంత్రమునకు తయారైన నాడే ఒక స్థిరమైన గుర్తు సంఖ్య యుండును. ఆ సంఖ్యతో ఒక లెక్క కట్టి 0 నుండి 255 వరకు గల అంకెలలో ఒకటి రాబట్టుదురు. ఆ యంకెను బట్టి ఈ యంత్రము నీది, ఆ యంత్రము నాది అని సర్వర్లు ముందే ఒప్పందము చేసికొనును. ఈ లెక్క 2001లో ప్రకటితమైనది. గుర్తు సంఖ్య మారదు గనుక వాటాయు మారదు. మేడ్చల్ సర్వరుకు అర్జీలన్నియు అందుచునే యున్నవి. తన వాటాలోనివానికి జవాబిచ్చినది, మిగిలినవానిని జంటవాడు చూచుకొనునని మౌనము వహించినది. జంటవానికి ఆ అర్జీలు చేరనే లేదు. కౌలు కోరు యంత్రము తానెంతసేపటినుండి అడుగుచున్నదో అర్జీలో వ్రాయుటకు ఒక గడి కలదు. ఆ సంఖ్య కొన్ని సెకండ్లు దాటినచో వాటా కానివానికిని సర్వరు జవాబిచ్చునట్లు ఏర్పాటున్నది. ఆలస్యముగా లేచినవి ఆ గడిని సరిగా నింపినవి. ఎంత సేపైనను సున్న వ్రాయునవే లేవలేకపోయినవి.

మర్యాద తెలిసిన ఇద్దరు పట్వారీలు, దారి తెలియని ఒక హర్కారా. మా అనుభవమున జంటసర్వర్ల ఫిర్యాదులలో మొదట వెదకవలసినది ఇదియే. కట్టడములు పెరుగుచుండును, కొత్త నెట్‌వర్కులు చేర్చబడుచుండును. పాత రిలేలలో రెండు ఇండ్ల పేరులుండును, కొత్తదానిలో తొందరలో ఒకటే వ్రాయుదురు. సర్వర్లు పని పంచుకొనక ఒకటి నడచుచు, మరియొకటి కాచుకొని యుండు పద్ధతిలోనైనచో ఈ లోపము నడచు సర్వరు పడువరకు బయటపడనే పడదు.

రెండవ చూపు పొడిగింపుపై నుండవలెను. కౌలుకాలము సగము గడచినప్పుడు యంత్రము తనకిచ్చిన సర్వరుకే నేరుగా ఉత్తరము వ్రాయును; ఇచ్చట హర్కారా ప్రమేయములేదు. ఫైర్‌వాల్ కాపలావాడు రిలేలనుండి వచ్చు ఉత్తరములను మాత్రమే సర్వరు గదిలోనికి పోనిచ్చుచున్నచో ఈ పొడిగింపు అర్జీ గుమ్మమువద్దనే ఆగిపోవును. ఎనిమిది గంటల కౌలైనచో నాలుగవ గంటకు జరుగవలసినది జరుగదు. ఏడవ గంటకు యంత్రము విసిగి అందరికి వినబడునట్లు కేకవేయును. అప్పుడు హర్కారా దానిని చేర్చును, పని జరుగును. వాడువారికి ఏ లోపమును కనబడదు. సర్వరు చిట్టాలో పొడిగింపులన్నియు సగమువద్ద గాక, ఎనిమిదింట ఏడు వంతులవద్ద నమోదగుచున్నచో కాపలావాని నియమములను చూడుడు. అట్లే సర్వరునుండి రిలేకు తిరుగుదారి ఉన్నదో లేదో చూడవలెను. పోవుదారి ఉన్నంతమాత్రమున వచ్చుదారి ఉండునని నమ్మరాదు.

మిగిలినవి క్లుప్తముగా చెప్పెదము. జంటసర్వర్ల గడియారములు ఒక నిమిషమునకు మించి తేడాపడినచో అవి జత కట్టుటకు నిరాకరించును. గడువులతో వ్యవహరించువారికి గడియారము ముఖ్యము గదా. విండోస్ జంటలో కౌలు వివరములు తమంతట తామే అందును గాని, మనము ఒకదానిలో మార్చిన అమరికలు రెండవదానికి మనమే పంపవలెను. మరచినచో సగము యంత్రములకు పాత వివరములే అందుచుండును. వసతిగృహములలో విద్యార్థులు సొంతముగా తెచ్చి తగిలించు చిన్న వైఫై పెట్టె మూడవ పట్వారీగా మారి 192.168తో మొదలగు దొంగ కౌలు ఇయ్యవచ్చును. దానిని స్విచ్చివద్దనే అడ్డుకొను ఏర్పాటు కలదు. అది పెట్టునపుడు రెండు సర్వర్లకును పోవు దారులను నమ్మదగినవిగా గుర్తింపవలెను. ఒక దారినే గుర్తించినచో రెండవ సర్వరు నోరును మనమే కట్టినవారమగుదుము.

అన్నిటికంటె ప్రమాదకరమైన ఘట్టము రెండు భవనముల నడుమ తీగ తెగుట. రోడ్డు వెడల్పు పనులు జరుగుచోట యంత్రపు తొండము భూమిలోని తీగను లేపుట మన ప్రాంతమున అరుదు కాదు. అప్పుడు రెండు సర్వర్లును బ్రతికియే యుండును. ఒకదానికి మరియొకటి వినబడదు. వాగు పొంగినపుడు ఈ యొడ్డు పట్వారీకి ఆ యొడ్డువాడు మరణించెనో, వాగు అడ్డమైనదో తెలియనట్లే. ఈ సందిగ్ధములో సర్వర్లు బుద్ధిగానే ప్రవర్తించును: ఖాళీ చిరునామాలలో తన పాలికి వచ్చినవానినే ఒక్కొక్కటి కొత్తవారికిచ్చును, పాతవారి కౌలును ఆ చిన్న హద్దు మేరకే పొడిగించుచుండును. కావున తీగ తెగియున్నంతకాలము సగము చిరునామాలు ఖాళీగా కనబడుచున్నను «లేవు» అను జవాబు రావచ్చును. స్వేచ్ఛగా నున్నవన్నియు జంటవాని చేతిలో నున్నవని ఐ.ఎస్.సి. సర్వరు తన చిట్టాలో స్పష్టముగా వ్రాయును.

ఈ స్థితిలో సర్వరుకు «నీ జంటవాడు మరణించినాడు» అని మనము చేతితో తెలుపవచ్చును. అప్పుడది కొంత గడువు చూచి రెండవవాని వాటానుకూడ స్వాధీనము చేసికొనును. జంటవాడు నిజముగా పడిపోయినచో ఇది సరియైన పని. తీగ మాత్రమే తెగియుండి, అవతల సర్వరు పనిచేయుచుండగా ఈ మాట చెప్పినచో ఒకే పొలముపై ఇద్దరు పట్వారీలు కౌలు వ్రాయుట మొదలగును. తీగ అతికిన నాడు రెండు భవనములలోను తగవులు లేచును. కావున మేడ్చల్‌లోని వాడు ఈ ఆజ్ఞ ఇయ్యబోవుటకు ముందు శామీర్‌పేటకు ఫోను చేయవలెను. ఫోను అందనిచో బండి ఎక్కి పోయి చూడవలెను. ఇన్ని నిమిషములు జంటవాడు పలుకనిచో మరణించెనని సర్వరే తలంచునట్లు పెట్టు సౌకర్యము విండోస్‌లో కలదు. ఇటువంటి రెండు ఊళ్ల కళాశాలకు అది తగదని మా నిశ్చితాభిప్రాయము.

కమిటీ పెద్దలకు ఒక మనవి. రెండవ సర్వరుకు డబ్బు మంజూరు చేయుట మంచిపని. ఆ రెండును ఒకే గదిలో, ఒకే యు.పి.ఎస్. మీద నుంచినచో మంజూరు చేసిన డబ్బులో సగము వ్యర్థము. సంవత్సరమునకు రెండుసార్లు, దరఖాస్తుల కాలమునకు ముందుగా, ఒక సెలవుదినమున ఒక సర్వరును బుద్ధిపూర్వకముగా ఆపి, సగము కౌలుకాలము దాటువరకు ఉంచి, రెండు భవనములలోని ప్రతి అంతస్తునందును ఒక యంత్రమును తెరచి చూడుటకు సాంకేతికునికి అనుమతియు, ఆ దినపు భత్యమును ఇప్పించవలెను. తరువాత రెండవదానిని ఆపి అదేవిధముగా చూడవలెను. ఆ పరీక్ష జరిగియున్నచో పైన చెప్పిన కొత్త అంతస్తు లోపము ఒక ఆదివారమున, ఎవ్వరును వరుసలో లేని వేళ, బయటపడి యుండెడిది.

చివరగా, మరణించెనని ప్రకటింపబడిన సర్వరును బాగుచేసి తిరిగి లేపునప్పటి సంగతి. అది లేచిన వెంటనే ఎవరికిని కౌలు ఇయ్యదు. మొదట జంటవాని దస్తరమంతయు తెప్పించుకొనును. పిదప తాను పడిపోవు క్షణమున ఎవరికైనను ఇచ్చియుండిన చిన్న గడువు మాట తీరిపోవువరకు, అనగా మామూలుగా ఒక గంటసేపు, ఊరకుండును. ఆ గంటలో దాని తెర చూచి «ఇంకను పనిచేయుట లేదు» అని మరల ఆపి మరల లేపుచుండిరేని ఎదురుచూపు పొడుగగుటయే తప్ప లాభముండదు. లేపిన సమయమును కాగితముమీద వ్రాసికొని, గంట గడచిన తరువాత వచ్చి చూచినచో చాలును.